చూడు తల్లీ, బాగా చూడు

అమ్మాయీ,

‘ఊర్మిళ నిద్ర’ చేస్తానని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నాకు సంబరంగానే ఉంది. మన ఆడవాళ్లు తరతరాలుగా ఇళ్లలో పాడుకున్న పాట అది. పద్నాలుగేళ్లు నిద్రలో ఉన్న మనిషిని గజ్జె కట్టించి నిలబెట్టాలన్న ఊహే గట్టిది. పంపిన వీడియో చూశాను. అడుగు శుభ్రంగా ఉంది, తాళం ఎక్కడా జారలేదు. ప్రవేశంలో తెర మీదుగా జడ వేశావు. ఆ తర్వాత నడకంతా వెంపటి వారి బాణీ. ఆఖర్న ఇత్తడి పళ్లెం ఎక్కావు. దేనికదే బాగుంది గానీ, ఊర్మిళ నాకు కనపడలేదు. ఫోనులో అంటే నొచ్చుకుంటావని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

పాతవాళ్ల పనిలోంచి తీసుకోవడం తప్పా మాస్టారూ అని అడిగావు. ఆ బెంగ పెట్టుకోకు. తీసుకోకుండా మన కూచిపూడిలో ఎవరూ ఏదీ కట్టలేదు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి అన్ని నృత్యనాటకాలు కూర్చారంటే, వాటి వెనక ఆయన కూచిపూడిలో చూసిన రాత్రంతా సాగే భాగవతాలున్నాయి. ఆ రాత్రిని రెండు మూడు గంటల్లోకి తేవాలంటే ఏది ఉంచాలి, ఏది వదలాలి అని ఆయన పడ్డ తర్జనభర్జనే ఆయన కూర్పు. ‘చండాలిక’ కథ రవీంద్రుడిది. దాన్ని తెలుగులో మన అడుగులకూ మన సంగీతానికీ ఒప్పించారు. ఎవరూ దాన్ని అరువు సొమ్ము అనలేదు.

మరి నీకొచ్చిన చిక్కేమిటంటే, నువ్వు కంటికి కనిపించినదాన్ని తీసుకున్నావు. అది ఎందుకు అక్కడుందో అడగలేదు. ఆ జడ సంగతే చూడు. భామాకలాపంలో తెర మీదుగా జడ పడిందంటే సత్యభామ ఇంకా కనపడకముందే ఆమె గర్వం వేదికెక్కినట్టు. నన్ను మించిన పాత్రధారి ఉంటే రండి అనే సవాలు కూడా అందులో ఉంది. కలాపమంతా ఆ గర్వం ఎట్లా కరుగుతుందో చూపిస్తుంది. చెలికత్తె మాధవి, నీ మొగుడి పేరేమిటని అడిగితే సత్యభామ చెప్పడానికి సిగ్గుతో మెలికలు తిరిగే చోటు ఉంది కదా, అక్కడ మొదటి ముడి సడలుతుంది. విరహంలో ఇంకొకటి. చివరికి లేఖ రాసే వేళకు ప్రవేశంలో చూసిన మనిషి మిగలదు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ పాత్ర కట్టినప్పుడు జనం మగవాడు వేషం వేశాడన్న సంగతే మరిచిపోయేవారు. ఆయన కళ్లనీ నడుమునీ మాత్రమే అనుకరించిన వాళ్లు చాలామంది. ఏ చోట ఎంత గర్వం మిగిల్చారు, ఏ చోట ఎంత తీసేశారు అని లెక్క కట్టి చూసినవాళ్లు తక్కువ. నువ్వు ఆ లెక్క చూడు. భామాకలాపం నుంచి నీకు కావలసింది అదే, మెట్టుమెట్టుగా ఒక మనిషిని మార్చుకుంటూ పోవడం.

ఊర్మిళకు సవాలు చేసే గర్వం లేదు. ఆమె జడ తెర మీద పడితే చూసేవాడు భామ వచ్చిందనుకుంటాడు. నిన్ను చూడక ముందే అతని మనసు ద్వారకకు వెళ్లిపోతుంది. జడ వదలలేనంటావా, వదలకు. పద్నాలుగేళ్లు పడకకు అంటుకున్న జడ ఎట్లా ఉంటుందో ఆలోచించు. దాన్ని ఎవరు విప్పాలి? ఎన్ని చిక్కులు? చేతివేళ్లు ఎక్కడ ఆగుతాయి? ఆ హస్తాలు నువ్వు ఏ వీడియోలోనూ చూసి ఉండవు. ఒక రోజంతా కూర్చుని వెతికితే దొరుకుతాయి.

నీకు ఒక సాధన చెబుతాను. ఇది నటరాజ రామకృష్ణ గారి పేరిణి తలుచుకుంటే నాకు తట్టింది. ఆయన పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆయనకు దొరికినవి ముఖ్యంగా రెండు. ఒకటి కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన ‘నృత్తరత్నావళి’. రెండోది 1213 నాటి రామప్ప గుడి శిల్పాలు. రామప్పకు వెళ్లినప్పుడు ఆ స్తంభాల దగ్గర తొందరపడకుండా నిలబడు. ఒక ప్రతిమలో మోకాలు వంగి, పాదం లేచి ఉంటుంది. అంతే. ఆ పాదం ఎక్కణ్నుంచి లేచింది, ఎక్కడ వాలబోతోంది అనేది రాయి చెప్పదు. రెండు భంగిమల మధ్య ఉన్న దారినంతా ఆయనే వేసుకోవాల్సి వచ్చింది. పుస్తకం చదివి, శిల్పం చూసి, మిగతాది ఒంటితో వెతికారు.

నువ్వు కూడా అదే చెయ్యి. నీకు నచ్చిన వీడియో పెట్టి ఒక్క క్షణం దగ్గర ఆపు. ఆ భంగిమ కాయితం మీద గీసుకో, గీత రాకపోతే మాటల్లో రాసుకో. ఇక వీడియో మూసెయ్యి. వారం దాకా తెరవొద్దు. ఆ భంగిమలోకి వచ్చే దారి, అందులోంచి బయటపడే దారి రెండూ నీ తాళంలో, నీ పాత్ర మనసుతో కట్టు. సగం సార్లు ఆ భంగిమే అక్కర్లేదని నీకే తెలిసిపోతుంది. తెలిసిన రోజున దాన్ని తీసి పక్కన పెట్టు, దారి ఉంచుకో.

పళ్లెం విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. నారాయణ తీర్థుల తరంగానికి పళ్లెం ఎందుకు కుదిరింది? అంచు పట్టుకున్నాక పాదం మామూలు అడుగు వెయ్యలేదు. కాలివేళ్లతో పళ్లేన్ని నడిపిస్తూ నడుము పైన తొణక్కుండా ఉండాలి. కింద తాళం దొర్లుతుంటే పైన కృష్ణుడి ఆట సాగుతుంది. ఒళ్లు రెండుగా పనిచేస్తుంది, అదే అందం. ఊర్మిళ దగ్గర ఆ పళ్లెం ఏం చేస్తోంది? చప్పట్లు తెస్తోంది. చప్పట్లు నీకు ఎలాగూ వస్తాయి తల్లీ, వాటి కోసం ఆమెను నిద్ర లేపకు.

పోయిన నెల నువ్వు ఉత్సాహంగా చెప్పిన జర్మన్ నృత్యం కూడా ఇదే మాట చెబుతుంది. స్ట్రావిన్‌స్కీ సంగీతానికి 1913లో పారిస్‌లో నిజిన్‌స్కీ కూర్చిన ‘వసంతోత్సవం’ని 1975లో పీనా బౌష్ మళ్లీ చేసింది. సంగీతం అదే, ఒక అమ్మాయిని బలికి ఎంచుకునే కథా అదే. ఆమె వేదిక నిండా మట్టి పోయించింది. అది చూసి నువ్వు వేదికంతా పూలు పరుస్తానన్నావు. ఆ మట్టి అలంకారం కాదమ్మా. అందులో పాదం దిగబడుతుంది, ఒక్కో అడుగూ లాగాలి, ఊపిరి నిజంగానే ఎగబోస్తుంది, లేతరంగు బట్టలు నృత్యం అయ్యేసరికి మట్టి కొట్టుకుపోతాయి. ఒక ఎర్రబట్ట ఒక ఆడపిల్ల చేతిలోంచి ఇంకొక ఆడపిల్ల చేతిలోకి పోతుంటే, అది ఎవరి దగ్గర ఆగుతుందోనని మనమూ బిక్కచచ్చి చూస్తాం. పూలు నీ ఒంటిని ఏం చేస్తాయి? జవాబుంటే పరుచు. లేకపోతే డబ్బు దండగ, పైగా జారిపడతావు.

ఇక పేర్లు చెప్పే సంగతి. బెల్జియంలో అన్నె తెరేసా ద కీర్స్‌మేకర్ అనే ఆవిడ 1983లో కుర్చీల మీద చేయించిన నృత్యం ఒకటుంది. 2011లో బియాన్సే పాట వీడియోలో ఆ కదలికలు కనపడ్డాయి. నన్ను అడగలేదని ఆవిడ బాహాటంగానే చెప్పింది. రెండేళ్ల తర్వాత ఆవిడే ఆ కుర్చీల భాగాన్ని వీడియోల్లో నేర్పించి, మీ పద్ధతిలో మీరు చేసుకోండని అందరినీ పిలిచింది. ఎంత పెద్ద మనసో చూడు. అడిగితే ఇచ్చేవాళ్లే ఎక్కువ, అడగకపోతేనే కడుపు మండేది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కూడా రాతలోనో మరో రూపంలోనో నమోదైన నృత్య కూర్పు కర్తదే, ఆయన బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ. అడుగులు అందరివీ. వాటిని ఒక వరసలో కట్టిన కట్టడం మాత్రం కట్టినవారిది. నువ్వు వాడిన రెండో జతి ఎవరిదో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆయన ఉన్నారు, ఫోను ఎత్తుతారు. నమస్కారం పెట్టి అడుగు. ఒప్పుకుంటే కరపత్రంలో ఆయన పేరు నీ పేరంత అక్షరాలతో వేయించు, వ్యాఖ్యానం చెప్పే అమ్మాయితో కూడా చెప్పించు.

ఆ జతి ఉన్నచోటు గురించి నాకు ఇంకో అనుమానం ఉంది. పాటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం, లక్ష్మణుడు పడకగదిలోకి వస్తే ఊర్మిళ పోల్చుకోలేక ఎవడో పరాయివాడనుకుని బెదిరించడం. పరస్త్రీని కోరిన ఇంద్రుడికీ రావణుడికీ ఏ గతి పట్టిందో నిద్రకళ్లతోనే ఏకరువు పెడుతుంది. అంతకు మించిన నాటకం ఎక్కడ దొరుకుతుంది? కోపం, భయం, నిద్రమత్తు మూడూ ఒకే మొహం మీద. నువ్వు దాన్ని అరనిమిషంలో దాటేసి జతిలోకి దూకావు. చౌకకాలంలో ఆ ఘట్టం ఒక్కటే ఏడెనిమిది నిమిషాలు చెయ్యి, సంచారీలకు ఇంద్రుడు ఒకడు, రావణుడు ఒకడు ఉండనే ఉన్నారు. ఐటమ్ అక్కణ్నుంచే మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. నిద్రను వెనక్కి వెళ్లి చూపించవచ్చు.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా. ఆహార్యం అక్కర్లేదు, ప్రాక్టీసు చీర చాలు. నట్టువాంగం నేను పడతాను. మృదంగం ఆయనకు మాత్రం ఇవాళే చెప్పు, జతి తీసేస్తే ఆయన కట్టుకున్న ముక్తాయింపు మారుతుంది, ముందుగా తెలియాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు