విచారణ హాలుకు తాళమెందుకు?



1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత హైటెక్ సిటీ చుట్టూ అద్దాల మేడలు లేచాయి. వాటిని కట్టడానికి పాలమూరు నుండి, ఒడిశా నుండి కూలీలు వచ్చారు. మేడల పక్కనే వారి గుడిసెలు వెలిశాయి.

2010 ఏప్రిల్ 1 నుండి 6-14 ఏళ్ళ బిడ్డలకు ఉచిత విద్య చట్టం ఇచ్చిన హక్కు. బడి ఉంది, మధ్యాహ్న భోజనమూ ఉంది. కాని బడి విడిచిన తరువాత? అమ్మానాన్నలు చీకటిపడితేగాని పని నుండి రారు. ఉన్నది ఒకే గది, చంకలో తమ్ముడు. లెక్క అర్థం కాకపోతే అడగడానికి ఎవరూ లేరు. మన బిడ్డలకైతే ట్యూషన్ పెట్టిస్తాం. ఈ బిడ్డల కోసం కొందరు యువతీయువకులు ఆఫీసు పని ముగించుకొని వచ్చి, బస్తీల్లో సాయంకాలం చదువు చెబుతున్నారు.

ఒకనాడు అలాంటి చోటికి వెళ్ళాను. నాలుగో తరగతి పాప ఒకతె, "ఫాదర్, మీరు రేపు కూడా వస్తారా?" అని అడిగింది. మిఠాయిలు పంచి, ఫొటోలు తీసుకొని మళ్ళీ రానివారిని ఆ పాప చాలామందిని చూసింది. నేను జవాబు చెప్పలేకపోయాను. తిరిగివచ్చేసరికి మా విచారణ హాలుకు తాళం వేసి ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

1597లో రోము నగరంలో పునీత జోసఫ్ కలసాంజ్ గురువులు పేదబిడ్డలకు ఉచితంగా బడి తెరిచింది ఒక దేవాలయపు గదుల్లోనే. యేసు ప్రభువు చిన్నబిడ్డను శిష్యుల నడుమ నిలబెట్టారు (మార్కు 9:36). మనమేమో ఆ బిడ్డను గేటు బయట నిలబెట్టాం.

నేను అడిగేది చందా కాదు. వారానికి రెండు సాయంకాలాలు, ఏడాది పొడవునా. మాట ఇచ్చి మానేయడం కంటే ముందే రాలేమని చెప్పడం మేలు. మీ విచారణలోనూ హాలు ఉంది కదా! మా హాలు సోమవారం ఐదు గంటలకు తెరుస్తున్నాను.