మరలి వచ్చు భక్తుడు

శివరాత్రినాడు గురుసన్నిధిని మద్యము ముట్టనని ప్రతిజ్ఞ చేసిన గృహస్థుడు ఉగాది రాకముందే మాట తప్పును. కార్తీకమున మరల ప్రతిజ్ఞ; సంక్రాంతికి మరల పతనము. ఇట్లు పలుమారులు జరిగిన పిమ్మట అతడు సిగ్గుపడి, లింగకాయను మెడనుండి తీసి పూజాపేటికలో నుంచి, “బాగుపడిన నాడు ధరింతును” అని తలచును. చూచువారి కిది వినయమువలె కన్పట్టును. నిజముగా ఇది వినయమేనా?

వీరశైవధర్మమున ఇష్టలింగము దేహమును ఎడబాయరాదు. దీక్షనాడు గురువు కరస్థలమున నుంచినది మొదలు సమాధి వరకును అది అంగముతోడనే యుండవలెను. జననమరణాది పంచసూతకములు లింగధారికి లేవని పూర్వాచార్యులు నిర్ణయించిరి. పురిటియింటను, చావుయింటను ఎడబాయని లింగము మానవుని సిగ్గుచేత ఎడబాయవలెనా? శుద్ధుడనైన పిమ్మట శివుని చేరుదుననుట, మురికి వదలిన తరువాత ఏటికి పోదుననుట వంటిది. తన్ను తానే కడుగుకొని దేవునికి చూపవలెనను ఆ తలపులో అహంకారము విచారపు వేషమున దాగియున్నది.

బిజ్జలుని కొలువున భాండాగారాధికారియై, కల్యాణమున శరణులకు ఆశ్రయమైన బసవేశ్వరుడు తన వచనములలో తన మనస్సు చాంచల్యమును దాచలేదు. తన లోపములను కూడలసంగమదేవునికే విన్నవించుకొనెను; శరణులలో తానే చిన్నవాడననెను. దోషమును దేవునికి మరుగుపరచుట గాక, దేవుని యెదుటనే చెప్పుకొనుట ఆ మహనీయుడు చూపిన త్రోవ. మెడలో వంకాయలు కట్టుకొని లింగధారులమని నటించి వచ్చినవారిని బసవడు భక్తులుగనే ఆదరింపగా, ఆ వంకాయలే లింగములైన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున గలదు. కపటముతో వచ్చినవారిని త్రోయని వాకిలి, కన్నీటితో వచ్చినవానిని త్రోయునా?

అయినను ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. ఎన్నిమారులైనను మన్నింపు కలదన్నచో, తప్పుచేయుటకు జంకేల? ఈ ప్రశ్నకు సమాధానము పంచాచారములలోనే యున్నది. న్యాయమైన కాయకముచే ఆర్జించి, ఆలుబిడ్డలను పోషించి, మిగిలినది దాసోహమున కర్పించుట సదాచారము. ఇల్లాలి నగ నమ్మి త్రాగినవాడు, ఆ యిల్లాలిముందు తల వంచక లింగమునకు మాత్రమే తల వంచినచో అది సగము మ్రొక్కే. శివుని కరుణ మనుష్యుల ఋణమును రద్దుచేయు పత్రము కాదు; ఆ ఋణమును తీర్చుటకు కావలసిన ధైర్యమును అది యొసగును. కరుణ నిజముగా సోకినవాడు మరునాడు పనికి పోవును. కూలిడబ్బును ఇంట నిచ్చును. నొప్పించినవారి మాట ఓపికతో వినును. వ్యసనము దేహమును పట్టిన రోగమైనచో వైద్యుని ఆశ్రయించును. అది భక్తికి లోపము కాదు.

మరల పడుదునేమోయను భయము అతనికి ఉండనే యుండును. రేపటి స్థైర్యమును నేడే చూపుమని శివుడు ఎవ్వరిని అడుగడు. కావున ఆ గృహస్థుడు సంకోచము విడిచి గురువు నాశ్రయించి జరిగినది చెప్పవలెను. పేటికలోని లింగమును మరల ధరింపవలెను. విభూతి పూసికొని, ఎడమ అరచేత నిష్టలింగము నుంచుకొని పంచాక్షరి జపింపవలెను. పిమ్మట లేచి, తనకై అన్నము పెట్టి కాచుకొనియున్న ఇల్లాలి వద్దకు పోవలెను. ఆ రెండవ పయనము లేనిదే మొదటిది పూర్తి కాదు.