గృహస్థు అప్పు చేసి ఇల్లు కొనవచ్చునా?

అప్పు లేకపోవడం, సొంత ఇంట ఉండడం: గృహస్థు సుఖానికి ఈ రెండూ కావాలని మహాభారతం ఒకే చోట చెబుతుంది. అరణ్యపర్వం చివర యక్షుడు సుఖి ఎవరని అడుగుతాడు. రోజూ కాకపోయినా తన ఇంట్లో ఇంత కూర వండుకుని, అప్పు లేకుండా, పొట్ట చేతబట్టుకుని పరాయిచోటికి పోకుండా ఉండేవాడే సుఖి అని ధర్మరాజు జవాబిస్తాడు. మయుడు కట్టిన సభనూ ఇంద్రప్రస్థాన్నీ జూదంలో పోగొట్టుకుని 12 ఏళ్లు అడవుల్లో గడిపినవాడి మాట కనుక దానికి బరువు ఎక్కువ. నేటి ఉద్యోగి కుటుంబానికి ఆ రెండూ ఒక్కచోట కుదరడం అరుదు. అప్పు చేయనిదే ఇల్లు రాదు. ఇల్లు వచ్చాక ఇరవయ్యేళ్లకు గాని అప్పు తీరదు. రెండో బిడ్డ పుట్టి, పెద్దవాళ్లు ఊరి నుంచి వచ్చి చేరి, అద్దె వాటా ఇరుకైనప్పుడు దేన్ని వదులుకోవాలన్నది లెక్కతో పాటు ధర్మంతోనూ ముడిపడిన ప్రశ్న.

ఋణం అనగానే దోషమని వైదిక సంప్రదాయం అనలేదు. బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. శతపథ బ్రాహ్మణం దీన్ని పుట్టిన ప్రతివాడికీ విస్తరించి, నాలుగోదిగా మనుష్య ఋణాన్ని చేర్చింది. తోటివారికి వసతి ఇచ్చి అన్నం పెట్టడమే అది తీరే మార్గం. ఇంటికి ధర్మంలో ఉన్న అసలైన ఆధారం ఇక్కడే దొరుకుతుంది. వచ్చినవారికి చోటివ్వడానికీ, ముసలి తల్లిదండ్రులను దగ్గర ఉంచుకోవడానికీ ఇల్లు కావాలి. అది సొంతమే కావాలని మాత్రం ఆ నియమంలో లేదు. మనువు చెప్పిన పంచ మహాయజ్ఞాలు అద్దె ఇంట్లోనూ నిరాటంకంగా జరుగుతాయి. సొంతిల్లు లేనివాడి గార్హస్థ్యానికి ఏదో కొరత ఉన్నట్టు బంధువర్గంలో వినిపించే మాటకు శాస్త్రాధారం లేదు.

ఇక మనుషుల దగ్గర చేసే అప్పు. ధర్మశాస్త్రాలు దీన్ని ప్రయోజనాన్ని బట్టి విడదీశాయి. కుటుంబం కోసం చేసిన అప్పును వారసులు తీర్చాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. తాగుడుకూ జూదానికీ తండ్రి చేసిన అప్పుతో కొడుక్కి నిమిత్తం లేదంది. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న ఈ సూత్రాన్ని భారత న్యాయస్థానాలు చాలాకాలం అమలుపరిచాయి. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం వచ్చాక చేసిన అప్పులకు అది వర్తించదు. ఉండడానికి ఇల్లు కొనడం కుటుంబార్థమేనని ఒప్పుకోవచ్చు. పక్కవాడు కొన్నాడని కొనే మూడో ఫ్లాటుకు ఆ గౌరవం దక్కదు.

వడ్డీ విషయంలో స్మృతుల లెక్క స్పష్టం. వసిష్ఠుడు అనుమతించినదంటూ మనువు చెప్పే రేటు నెలకు అసలులో 80వ వంతు, అంటే నూటికి రూపాయి పావలా, ఏడాదికి 15 శాతం. నేటి గృహరుణం అంతకన్నా చవక. కానీ మరో నియమం ఉంది: ఒక్కసారిగా వసూలు చేసేటప్పుడు వడ్డీ అసలును మించకూడదు. దామ్‌దుపట్ అనే పేరుతో ఇది కోర్టుల దాకా వచ్చింది. 50 లక్షల అప్పు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 43,400 రూపాయలు. మొత్తం కట్టేది కోటీ 4 లక్షలు. వడ్డీయే అసలును దాటింది. వాయిదాల మీద కట్టేదానికి స్మృతి నియమం అడ్డురాదు కనుక అక్షరార్థంలో తప్పు లేదు. అయినా బాకీదారు మెడకు ఉచ్చు బిగియకూడదన్న ఆ నియమ తాత్పర్యం గమనించదగ్గది. మొదటి నెల వాయిదాలో అసలుకు చేరేది 8,000 లోపే.

స్తోమతకు కొలత ఏమిటన్నదే ఈ విచారంలో ముఖ్యాంశం. బ్యాంకు జీతం చూసి కొలుస్తుంది. మనుస్మృతి పోషించవలసినవారిని చూసి కొలిచింది. ఆధారపడినవారిని మూడేళ్లు పోషించగల ధాన్యం ఉన్నవాడికే సోమయాగానికి అర్హత; తనవాళ్లను పస్తులుంచి పరలోకం కోసం చేసే దానం దుఃఖాన్నే ఇస్తుంది. యజ్ఞానికే ఈ షరతు ఉంటే గృహప్రవేశానికి ఇంకెంత ఉండాలి? భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పినదీ ఇదే దారి: ధనాన్ని ధర్మానికి, కీర్తికి, మళ్లీ సంపాదనకు, అనుభవానికి, తనవాళ్లకు ఐదు భాగాలు చేయాలి, బతుకుతెరువును మింగేసే దానం మెచ్చదగినది కాదు. వాయిదా కట్టాక పిల్లల చదువుకూ, పెద్దల మందులకూ, ఇంటికొచ్చినవారి భోజనానికీ మిగలకపోతే, తోటివారి ఋణం తీర్చడానికని కొన్న ఇల్లే దాన్ని ఎగ్గొట్టిస్తుంది.

చేతి నుంచి పెట్టాల్సిన సొమ్ము దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 30 లక్షల లోపు అప్పుకు ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వరాదన్నది బ్యాంకులకు రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు. మిగతాది, రిజిస్ట్రేషన్ ఖర్చుతో సహా, కుటుంబమే తెచ్చుకోవాలి. తెలుగు ఇళ్లలో అప్పుడు బీరువా తెరుచుకుంటుంది, భార్య నగలు తాకట్టుకో అమ్మకానికో వెళతాయి. కరువు, ధర్మకార్యం, రోగం, నిర్బంధం, ఈ నాలుగు సందర్భాల్లో వాడుకున్న స్త్రీధనాన్ని మాత్రమే భర్త తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు అన్నాడు. ఆ జాబితాలో ఇల్లు కొనడం లేదు. కాబట్టి ఆమె బంగారంతో కొన్న ఇంటిలో బ్యాంకు బాకీతో పాటు ఆమె బాకీ కూడా ఉన్నట్టే. దస్తావేజులో ఆమె పేరు చేర్చడం ఆ బాకీకి కనీసపు గుర్తింపు.

ఇల్లు కట్టడమే దుఃఖహేతువని, పాము పరుల పుట్టలో హాయిగా ఉంటుందని భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెబుతాడు. అది ఒంటరిగా తిరిగే యతికి చెప్పిన పాఠం. పిల్లలున్న ఇంటికి దాన్ని యథాతథంగా అన్వయించడం సరికాదు. గృహస్థుకు వర్తించే హద్దు మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఉంది. తల నెరిసి మనవణ్ణి చూశాక వనానికి మళ్లాలి, మూడు ఋణాలూ తీర్చాకే మనసును మోక్షం వైపు తిప్పాలి. దీన్ని బట్టి అప్పు గడువు ఉద్యోగ విరమణకు ముందే ముగియాలి. 45వ ఏట 25 ఏళ్ల గడువుకు సంతకం పెట్టి, చివరి పదేళ్ల వాయిదాలు కొడుకు జీతం మీద ఆనించే ఏర్పాటును చట్టం కాదనదు. ఆ సంతకం నాటికి కొడుకు బడిలో చదువుతుంటే, ఆ భారానికి అతని సమ్మతి ఉందని మాత్రం చెప్పలేం.