లక్కమ్మ కొలత

కల్యాణపట్టణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుకొని, వానితోనే జంగమదాసోహము నడపిన దంపతులు మారయ్య, లక్కమ్మలు. వారి స్వస్థలము నేటి రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని అమరేశ్వరము. ఆయ్దక్కి యనగా కన్నడమున ఏరిన బియ్యము. ఆ కాయకమే మారయ్యకు ఇంటిపేరైనది. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము మూటగట్టి తెచ్చెను. ఆ దంపతుల నిష్ఠను లోకమునకు వెల్లడింపగోరి బసవేశ్వరుడే ఆనాడు ఎక్కువ గింజలు చల్లించెనని సంప్రదాయము. లక్కమ్మ మూటను చూచి సంతసింపలేదు. తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఈ గాథ వీరశైవ గృహములలో చిన్నపిల్లలకు సైతము తెలిసినదే. అతిపరిచయమువలన దానిలోని కాఠిన్యము మరుగునపడినది. మారయ్య దొంగిలింపలేదు. ఎవరి నోటికాడి కూడును తీసికొనలేదు. తెచ్చినది తన భోగమునకును కాదు. ఆ బియ్యము ఇంటనున్నచో మరి నలుగురు జంగములకు అన్నము దొరకును. అధికార్జనను సమర్థించుకొనుటకు లోకులు చెప్పుకొను కారణములన్నియు ఆనాడు మారయ్య పక్షముననే ఉన్నవి. అయినను ఆ ఇల్లాలు అంగీకరింపలేదు. ఆమె తన వచనమున తప్పుపట్టినది మూట బరువును మాత్రమే కాదు. ఒక మనసుతో ఇల్లు వెడలిన భర్త రెండు మనసులతో తిరిగివచ్చెనని ఆమె ఆవేదన.

కాయకమును కైలాసముతో సమానము చేసిన ఆ ప్రసిద్ధవాక్యము నేడు అనేక లింగాయతుల అంగళ్లలో గల్లాపెట్టెపై వ్రేలాడుచుండును. రాత్రి పదిగంటలవరకు పనిలో మునిగి, ఇష్టలింగపూజను ముగించితిననిపించి, బిడ్డలు నిద్రించిన పిమ్మట ఇల్లు చేరువారు ఆ వాక్యమునే తమకు సాక్ష్యముగా చూపుదురు. ఆ వాక్యము మారయ్య వచనములోనిది. కాయకమున నిమగ్నుడైనవాడు గురుదర్శనమునైనను మరువవలెనని చెప్పినవాడాయన. కాని ఆ వచనమును చెప్పినవాడును, మూటతో వెనుకకు నడచినవాడును ఒక్కడే యను సంగతిని గోడకు వ్రేలాడదీయువారు తలపరు. పనికి అంతటి మహత్త్వమిచ్చిన ఇంటిలోనే పనివలన వచ్చిన ఫలమునకు హద్దు గీయబడినది.

తాండూరు ప్రాంతపు కంది వ్యాపారమును ఉదాహరణముగా గైకొనవచ్చును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట అది. పుష్యమాసము నాటికి కంది కళ్లముమీదికి వచ్చును. అప్పు తీర్చవలసిన రైతు ఆగలేడు. వచ్చిన ధరకు అమ్మును. గిడ్డంగి గల వర్తకుడు ఆగగలడు. అతడు లింగధారియనియు, నిత్యపూజ తప్పనివాడనియు అనుకొనవచ్చును. నిల్వకు పెట్టుబడి, వడ్డి, హమాలీల కూలి, తరుగు, పురుగుల బెడద కలవు. ధర పడిపోయినచో నష్టము అతనిదే. కావున సరకును చెడకుండ కాపాడి, నెలల తరువాత వలసినవారికి అందించుటయు కాయకమే. దానికి లాభము పొందుట న్యాయమే. వర్తకమంతయు లోభమేయని తేల్చువారు అంగడి నడపి యెరుగనివారు.

అయితే ఒక ఏడు వానలు వెనుకబడును. ధర పెరుగసాగును. ఆషాఢమున అమ్మదలచినవాడు శ్రావణము వరకు, శ్రావణము వచ్చిన పిమ్మట దసరా వరకు గిడ్డంగి తలుపు తెరువడు. ఈ రెండవ నిరీక్షణలో అతడు క్రొత్తగా చేసిన సేవ యేమియు లేదు. సరకు అదే, గోడలవే. అతడు ఎదురుచూచుచున్నది పరుల ఇబ్బంది ముదురుటకు. ఊహింపని సొమ్ము చేతికి వచ్చును. అందు కొంత మఠమునకు అన్నదానముకొరకు పంపును, మనసు తేలికపడును. లక్కమ్మ ఇట్టి మూటనే గుమ్మములోపలికి రానీయలేదు.

మరి గృహస్థునకు రేపటి చింత వలదా యని ప్రశ్న వచ్చును. ప్రశ్న సమంజసమైనదే. ఆ దంపతులకు కళాశాల రుసుములు లేవు, ఇంటి ఋణపు వాయిదాలు లేవు. ఏనాటి బియ్యమును ఆనాడే వండి ముగింపుమని నెలజీతముపై బ్రతుకు కుటుంబమునకు బోధించుట క్రూరత్వమగును. వైద్యమునకు, చదువునకు దాచుకొనుట ఆశ కాదు. కాయకమును నమ్మిన శరణులు యాచనను మెచ్చలేదు. ధనమును చూచి పారిపోవుటను బోధింపలేదు. బసవేశ్వరుడు స్వయముగా బిజ్జలుని భాండారమును నిర్వహించినవాడు.

చిక్కు మరియొకచోట నున్నది. మూట ఎక్కువైనదని లక్కమ్మకు ఎట్లు తెలిసెను? ఆమెకు దినపు కొలత తెలియును. సోలతో కొలిచినను మానికతో కొలిచినను, ఆ పూటకు ఎంత వలయునో ముందుగనే ఆమె మనసున నున్నది. నేటి గృహములలో జీతమెంతయో తెలియును, అప్పెంతయో తెలియును, పొరుగువాడు కొన్న స్థలము వెలయెంతయో మిక్కిలి బాగుగా తెలియును. చాలుననుట ఎంతకో ఎవరును లెక్క కట్టలేదు. కొలత లేనిచోట అధికమైనది కనబడదు. అందువలననే ద్విచక్రవాహనము నాడు చాలదనిపించినది కారు వచ్చిన పిమ్మటను చాలదు. ధర పెరిగిన నాడు కొలత నిర్ణయించుకొనుట ఎవరికిని సాధ్యము కాదు. కంది గిడ్డంగి చేరిననాడే, ఏ ధరకు, ఏ నెలలో తలుపు తెరువవలెనో భార్యాభర్తలు కూర్చుండి అనుకొనవలయును.

భార్యాభర్తలని చెప్పుటకు కారణము కలదు. కొలతను గుర్తుంచుకొన్నది మారయ్య కాదు. స్త్రీకిని లింగధారణము నొసగిన సంప్రదాయమునకు చెందిన ఇండ్లలో అంగడి చిట్టాను ఇల్లాలికి చూపకుండుట వింతయే. నగ చేతికి వచ్చిననాడు అది ఏ కందినుండి వచ్చినదో ఆమెకు తెలియదు; తెలిసినచో ఆమెయు లక్కమ్మవలె అడిగియుండెడిదేమో.

ఇది గృహస్థులకే చెందిన విషయము కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కట్టెలమ్ముకొను మోళిగ మారయ్య కథ కలదు. అతని పేదరికమునకు నొచ్చుకొని బసవేశ్వరుడు రహస్యముగా అతనియింట ధనముంచెను. మారయ్య దానిని ఉంచుకొనక జంగములకు పంచివేసెను. ఇచ్చినవాడు బసవేశ్వరుడైనను తన కాయకమున రానిది తనది కాదని అతని తలపు. నేడు మఠములలో దాతల పేర్లు శిలాఫలకములపై చెక్కించునపుడు మొత్తము చెక్కబడును గాని అది వచ్చిన త్రోవ చెక్కబడదు. ఎక్కువ యిచ్చినవానికి ముందువరుసలో ఆసనము వేయబడును. నాయనా, ఇది ఎట్లు వచ్చినదని అడుగు స్వామివారికి ఆ యేడు దాసోహము కొంత తగ్గవచ్చును. తగ్గినచో వచ్చు నష్టమెంతయో మఠములు ఆలోచింపవలసియున్నది.

మారయ్య గింజలను పోసి వట్టిచేతులతో తిరిగివచ్చిన పిమ్మట ఆ ఇంట దాసోహము ఆగలేదు. బసవేశ్వరుని, శరణగణమును భోజనమునకు పిలిచి రమ్మని లక్కమ్మ భర్తను మరల పంపెనని గాథ. పిలుచుటకు ఆయన జంకెను. ఆమె పొయ్యి వెలిగించి, నిత్యము కొలుచు బియ్యమునే కొలిచి ఎసటిలో పోసెను.