రెండవ కుదుపు

ధ్యానాంశం: మత్తయి 28:1–10



మనది కొండల సీమ. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా సముద్రం అనగానే మన విచారణల్లో చాలామందికి గుర్తొచ్చేది ఆరోగ్యమాత యాత్రే. సెప్టెంబరు 8 పండుగకు రైలులోనో, ఊరంతా కలిసి మాట్లాడుకున్న బస్సులోనో వేళాంగణి వెళ్లి, మాతను దర్శించి, ఒడ్డున కాళ్లు తడుపుకొని తిరిగి వచ్చే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి.

అదే ఒడ్డున 2004 డిసెంబరు 26న ఏమి జరిగిందో మనకు తెలుసు. అది క్రీస్తు జయంతి మరునాడు, ఆదివారం. ఆ ఏడు తిరుకుటుంబ పండుగ కూడా ఆ రోజే వచ్చింది. ఉదయం ఆరున్నర కావస్తుండగా సుమత్రా దీవి దగ్గర సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడినుండి అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. రెండు గంటలు దాటేసరికి సునామీ అలలు మన తూర్పు తీరాన్ని తాకాయి. వేళాంగణి ఒడ్డున ఉన్న యాత్రికులు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. మన కోస్తా జిల్లాల్లో కూడా వంద మందికి పైగా మరణించారు.

ఈనాడు మనం ధ్యానించేది ఆ పెద్ద దెబ్బను గురించి కాదు, దాని వెనుక వచ్చిన కుదుపులను గురించి. 2005 జనవరి చివర నికోబార్ దీవుల దగ్గర సముద్రం అడుగున కొద్ది రోజుల్లోనే 5 లేదా అంతకు మించిన తీవ్రతతో 150కి పైగా కంపాలు నమోదయ్యాయి. లెక్కకు అవి ఒక మోస్తరువే. 9.1 భూకంపంలో వెలువడిన శక్తితో పోలిస్తే 5.1 కంపానిది పది లక్షల వంతుల్లో ఒక వంతు. వాటివల్ల సునామీ రాలేదు. కాని దెబ్బ తిన్నవాడికి చిన్న కుదుపు చిన్నది కాదు. పాము కరిచినవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు. తన బిడ్డను అలకు పోగొట్టుకున్న తల్లికి గోడమీది పటం కదిలినా చాలు, గుండె జారిపోతుంది.

ఈ కుదుపుల తీరును 1894లోనే జపాను శాస్త్రజ్ఞుడు ఓమోరి గమనించాడు. మొదటి రోజు వచ్చిన వాటితో పోలిస్తే పదవ రోజుకు రమారమి పదవ వంతే వస్తాయి. సంఖ్య తగ్గుతూ పోతుంది. అయితే తరువాత వచ్చేది చిన్నదే అన్న హామీ మాత్రం లేదు. 2005 మార్చి 28న, ఆ ఏటి పునరుత్థాన పండుగ మరునాటి రాత్రి, ఆ పక్కనే నియాస్ దీవి దగ్గర 8.6 తీవ్రతతో మళ్లీ భూమి కంపించింది. నియాస్ ప్రజల్లో ఎక్కువమంది క్రైస్తవులే. వారిలో వందలమంది ఇళ్ల కింద నలిగి చనిపోయారు.

ప్రియులారా, మన ఇళ్లలోని దుఃఖం కూడా ఇలాంటిదే కాదా? ఇంటి పెద్ద చనిపోయిన రోజున ఊరంతా వస్తుంది. ముప్పయ్యో నాటి పూజకు కూడా బంధువులు వస్తారు. ఆ తరువాత ఎవరి పనుల్లో వారు. కాని ఆయన లేకుండా మొదటిసారి మామిడి కాయలు కోయించిన రోజున, బిడ్డ పెండ్లి మాటలకు ఎదురుగా కూర్చునేవారు లేని రోజున, ఆ ఇల్లాలికి కాళ్ల కింద నేల మళ్లీ కదులుతుంది. అప్పుడు గడప దగ్గర ఎవరూ ఉండరు.

మత్తయి సువిశేషంలో భూమి రెండుసార్లు కంపిస్తుంది. పవిత్ర శుక్రవారం క్రీస్తునాథుడు ప్రాణం విడిచినప్పుడు బండలు బద్దలయ్యాయి. మూడవ నాటి వేకువన సమాధి దగ్గర మళ్లీ నేల కంపించింది. శుక్రవారం కల్వరిలో నిలిచిన స్త్రీలే ఆదివారం సమాధి దగ్గరకూ వచ్చారు. మొదటి కుదుపుకు జడిసి ఇంట్లోనే ఉండిపోయి ఉంటే, దొర్లిపోయిన రాయిని వారు చూసి ఉండేవారు కారు. సువిశేషకుడు వారికి భయం లేదని చెప్పడు. భయంతోనూ, గొప్ప ఆనందంతోనూ పరుగెత్తారని చెబుతాడు. విశ్వాసమంటే వణుకు లేకపోవడం కాదు. వణుకుతూనే సమాధి దాకా నడవడం.

"మాత దగ్గరకు వెళ్లినవారికే ఇలా ఎందుకు జరిగింది? వారేం పాపం చేశారు?" అని కొందరు అడుగుతారు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతిని క్రీస్తు తానే ఎత్తి, వారు తక్కినవారికంటె పాపులు కారని తేల్చి చెప్పాడు (లూకా 13). మారుమనస్సు పొందమన్నది బ్రతికి ఉన్న మనకు. అందుచేత చనిపోయినవారి మీద తీర్పు చెప్పవద్దు. తేదీల్లో సంకేతాలు వెతకవద్దు. ఫలానా రోజున భూకంపం వస్తుందని ఎవరైనా సెల్‌ఫోనులో పంపితే ఇంకొకరికి పంపవద్దు. ఆ రోజును ముందుగా చెప్పగలిగే శాస్త్రం ఇంకా లేదు. భూమి కంపించిన తరువాత సునామీ వస్తుందో రాదో చూసి హెచ్చరించే కేంద్రం మాత్రం 2007 నుండి మన హైదరాబాదులోనే పనిచేస్తున్నది. ఆ మాట వినడం కూడా దేవుడిచ్చిన బుద్ధిని గౌరవించడమే.

ఈ వారం ప్రతి కుటుంబమూ ఒక పని చేయాలి. గత సంవత్సరం మీ వీధిలో ఎవరింట చావు జరిగిందో, ఎవరి బోరు ఎండి అప్పు మిగిలిందో గుర్తుచేసుకోండి. దెబ్బ తగిలిన రోజున మీరు వెళ్లే ఉంటారు. మళ్లీ ఒకసారి వెళ్లండి. ఉపదేశం చేయనక్కరలేదు. కాసేపు కూర్చోండి, జపమాలలో ఒక గురుతు కలిసి చెప్పండి, పిల్లవాడి చదువు సంగతి అడగండి. ఫిలిప్పీ చెరసాల పునాదులు కంపించిన రాత్రి పౌలు, సీలలు చేసింది కూడా ఇదే (అపోస్తలుల కార్యములు 16). తలుపులు తెరుచుకున్నా వారు పారిపోలేదు. ప్రాణం తీసుకోబోయిన కాపలావానికి, మేమందరం ఇక్కడే ఉన్నామని చెప్పారు. ఆ ఒక్క మాట అతని ఇంటిల్లిపాదినీ నిలబెట్టింది.

దుఃఖంలో ఉన్న ఇంటికి ఆ మాట చెప్పే కృపను ఆరోగ్యమాత వేడుదల ద్వారా ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమెన్.