ఓడిపోయే హక్కు

సంకల్పం ఉంటే వైకల్యం అడ్డే కాదని మా మామయ్య నమ్మకం. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, ఏళ్ల తరబడి పిల్లలకు అదే చెప్పారు. పసితనంలో పోలియో వచ్చి నా కుడికాలు చచ్చుబడింది. క్యాలిపరు, చంకకర్రలతోనే పెరిగాను. ఆయన నమ్మకానికి ఇంట్లోనే దొరికిన రుజువును నేను. అలా రుజువుగా ఉండటం నాకిష్టం లేదన్నాను. మాట అక్కడ మొదలైంది.

మామయ్య: ఇష్టం లేకపోవడమేమిటమ్మా? బొల్లా శ్రీకాంత్‌ని చూడు. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టాడు. పుట్టుకతోనే చూపు లేదు. అమెరికా వెళ్లి ఎంఐటీలో చదివాడు, తిరిగొచ్చి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాడు. 2024లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. సంకల్పం కాకపోతే అదంతా ఏమిటి?

నేను: ఆయన దేన్ని జయించాడంటారు?

మామయ్య: అంధత్వాన్ని.

నేను: అది ఈరోజుకీ ఆయనతోనే ఉంది మామయ్యా. ఆయన పోట్లాడింది ఒక నిబంధనతో. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నా, చూపులేని పిల్లవాడు ఇంటర్లో సైన్సు తీసుకోకూడదన్నారు. హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. వెనక ఒక టీచరమ్మ నిలబడింది. తీర్పు వచ్చాక క్లాసులో కూర్చుని, 98 శాతం తెచ్చుకున్నాడు. కోర్టు చుట్టూ తిరిగిన నెలల్లో ఖర్చయిన ధైర్యం ఫిజిక్సు మీద పెట్టాల్సిన ధైర్యం.

మామయ్య: ఆ తిరుగుడే ఆయన్ని రాటుదేల్చిందేమో.

నేను: చూపున్న పిల్లల్ని రాటుదేల్చాలని ఎవరూ సైన్సు సీటు ఆపరు. వాళ్లకు పాఠాల కష్టం చాలు. మాకూ ఆ కష్టం చాలు.

మామయ్య కాసేపు మాట్లాడలేదు. ఆయన దగ్గర ఇంతకంటే గట్టి ప్రశ్న ఉందని నాకు తెలుసు. దానికోసమే కూర్చున్నాను.

మామయ్య: చట్టం అందరికీ ఒకటే. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కానీ ఒకే బళ్లో, ఒకేలాంటి కాలున్న ఇద్దరు పిల్లల్ని నేను చూశాను. ఒకడు లేచి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఇంకొకడు ఇల్లు దాటలేదు. తేడా లోపల ఉన్నట్టే కదా?

నేను: నాకు చంకకర్రలు ఇచ్చినప్పుడు నడకతో పాటు పడటం కూడా నేర్పారు. ముందుకు తూలితే కర్రల్ని రెండు పక్కలకీ వదిలెయ్యాలి. లేకపోతే వాటి మీదే పడతాం. అరచేతులు నేలకు ఆన్చి, మోచేతులు మడిచి, మొహం పక్కకు తిప్పుకోవాలి. ఆ తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి. నేర్పినావిడ పరుపు మీద నన్ను మళ్లీ మళ్లీ పడనిచ్చింది. ఇంట్లో ఒక్కసారి తూలితే చాలు, అమ్మ పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేది. నానమ్మ ‘వద్దులేవే తల్లీ, కూచో’ అనేది. ఇంటి ప్రేమ ఒక్కటే దొరికుంటే నేనూ ఇల్లు దాటేదాన్ని కాదు.

మామయ్య: అందుకే పట్టుదల కావాలంటున్నాను.

నేను: పట్టుదల ముందే లోపల నిండి ఉండదు. పడి లేచినకొద్దీ ఊరుతుంది. దానికి పడనిచ్చేవాళ్లు కావాలి. మామూలు పిల్లవాడు ఇంటర్ తప్పితే తిట్టి మరీ సప్లిమెంటరీకి ఫీజు కట్టిస్తారు. ఆ తిట్టులో ఎంత నమ్మకముందో చూడండి, చదివితే పాసవుతాడని. నాలాంటి పిల్ల తప్పితే ఎవరూ తిట్టరు. ‘పాపం, ఇక్కడిదాకా రావడమే ఎక్కువ’ అంటారు. ఫీజు మిగులుతుంది, పిల్ల ఇంట్లో మిగులుతుంది. మీరు చెప్పిన ఆ రెండోవాడు తప్పినప్పుడు ఎవరైనా తిట్టారా?

మామయ్య: లేదు. టెలిఫోన్ బూత్ పెట్టించమని వాళ్ల నాన్నకు నేనే చెప్పాను.

నేను: మొదటివాడు?

మామయ్య: వాడు రెండుసార్లు తప్పాడు. వాళ్లమ్మ ఊరుకోలేదు.

ఇక్కడ మాట సినిమాల మీదకు మళ్లింది. ‘మయూరి’ అంటే మామయ్యకు ప్రాణం. 1985లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో సుధాచంద్రన్ తన కథలో తానే నటించింది. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్‌లో చేసిన కృత్రిమ కాలితో మళ్లీ గజ్జె కట్టిన కథ. థియేటర్లో జనం ఎలా ఏడ్చారో, బయటికొచ్చి ఎవరెవరు ఏమన్నారో ఆయన చాలాసేపు చెప్పారు. నాకెప్పుడూ ఆ కాలు చేసిన చెయ్యే గుర్తొస్తుంది. 1960ల చివర్లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, పి.కె. సేథీ అనే ఎముకల డాక్టరు కలిసి ఆ పాదాన్ని రూపొందించారు. అప్పటిదాకా దొరికిన కృత్రిమ పాదాలు బూటులో పెట్టుకునేవి, చీలమండ దగ్గర వంగేవి కావు. నేలమీద కూర్చుని అన్నం తినే మనిషికి, చెప్పుల్లేకుండా పొలంలో దిగే మనిషికి అవి ఏం పనికొస్తాయి? వీళ్లు రబ్బరుతో, వంగే పాదం చేశారు. గొంతుక్కూర్చోవచ్చు, బురదలో నడవొచ్చు. వంగని పాదం మీద ఎంత ధైర్యమున్నా నాట్యంలో అరమండి కుదరదు.

మామయ్య: ఆ కాలు ఎంతోమందికి పెట్టారు. అంత పేరు ఒక్కావిడకే వచ్చింది.

నేను: మిగిలినవాళ్లు పొలానికి నడిచివెళ్లారు, పిల్లల్ని బడికి దింపారు. వాళ్లేమీ ఓడిపోలేదు.

మామయ్య: పోనీ, నీ సంగతి చెప్పు. ఎవరు తోడున్నా నడిచింది నువ్వు. మొండితనం లేకుండానే ఇంతదూరం వచ్చావా?

నేను: రాలేదు. ఆ మొండితనానికి ఇప్పుడు ఒళ్లు లెక్కలడుగుతోంది. పోలియో వెన్నుపాములో కండరాల్ని కదిలించే నాడీకణాల్ని చంపేస్తుంది. బతికినవి కొత్త కొమ్మలు వేసి, చచ్చినవాటి పని కూడా నెత్తినేసుకుంటాయి. దశాబ్దాల తర్వాత వాటికీ సత్తువ అయిపోతుంది. నలభై దాటాక నా మంచి కాలు కూడా గుంజడం మొదలుపెట్టింది. ధైర్యం తెచ్చుకుని ఇంకా నడవమని అందరూ అన్నారు. డాక్టరమ్మ మాత్రం అలసిపోకముందే ఆగమంది, దూరాలకు వీల్‌చైర్ వాడమంది. ఇలాంటి కండరాన్ని మితిమీరి వాడితే ఉన్న బలమూ తగ్గొచ్చు. వీల్‌చైర్‌లో చూసి మీరు ‘ఎలా ఉండేదానివి, ఎలా అయిపోయావు’ అన్నారు.

మామయ్య: బాధకొద్దీ అన్నానమ్మా.

నేను: తెలుసు. కానీ ఆ కుర్చీ వచ్చాకే సాయంత్రానికి నాకు పుస్తకం పట్టుకునే ఓపిక మిగులుతోంది. మనుషుల మీద విసుక్కోవడం తగ్గింది. నేను లొంగిపోయానని మీరు అనుకున్న రోజునుంచే బాగుపడ్డాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కాసేపాగి అడిగిన ప్రశ్న మాత్రం ఆ రోజు మాటలన్నిట్లోకీ బరువైంది.

మామయ్య: అర్ధరాత్రి నొప్పి లేస్తుంది. పక్కన ఎవరూ ఉండరు. చట్టం రాదు, డాక్టరూ రాదు. అప్పుడు నీ దగ్గర సంకల్పం కాక ఏముంటుంది?

నేను: ఏమీ ఉండదు. ఆ ఘడియ మీదే మామయ్యా, దానికి నా దగ్గర వాదం లేదు. ఓర్చుకోవడమే. అందుకే ఆ ఓర్పుని పొద్దున్నే బ్యాంకు మెట్ల దగ్గర ఖర్చు చేయించొద్దంటున్నాను. మీ ఊరి గ్రంథాలయానికి కొత్త భవనం కడుతున్నారు, కమిటీలో మీరున్నారు. ప్లానులో ర్యాంపు ఉందా?

మామయ్య: ఉంది. రెండడుగుల అరుగు, దానికి ఎనిమిదడుగుల ర్యాంపు గీశారు.

నేను: దానిమీద చైరు ఎక్కదు, వెనక్కి దొర్లుతుంది. అంగుళం ఎత్తుకి అడుగు పొడవుండాలి. రెండడుగులకి ఇరవై నాలుగడుగులు.

మామయ్య: అంత స్థలం ఎక్కడుందే?

నేను: మధ్యలో మలుపు తిప్పి కట్టొచ్చు. మలుపు దగ్గర చైరు తిరిగేంత చదును వదలాలి.

మామయ్య: కమిటీవాళ్లు ఒప్పుకోరు. ఖర్చంటారు, వచ్చేవాళ్లెవరంటారు. ఒకటికి పదిసార్లు అడగాలి.

నేను: అడగండి. మీరు ఇన్నాళ్లూ చెప్పిన సంకల్పం ఇప్పుడు అక్కడ కావాలి.