అష్టావక్రుని తల్లి

వ్యాసభారతము వనపర్వమున అష్టావక్రుని కథ కలదు. జనకుని సభలో వందిని గెలిచిన ఆ బాలుని మేధను కొనియాడుదుము గాని, ఎనిమిది వంకరలతో పుట్టిన ఆ బిడ్డను పెంచిన సుజాతను తలచువారు అరుదు. శాపమిచ్చినది తండ్రి. కానుపు ఖర్చులకు ధనము లేదని ఆమె చెప్పుకొనగా కహోడుడు జనకుని సభకు వెళ్ళి, వాదమున ఓడి, నీట ముంచబడెను. ఆమెకు మిగిలినది పుట్టినిల్లు. ఉద్దాలకుడు కూతును, మనుమని అక్కున చేర్చుకొనెను. తాతనే తండ్రి యనుకొని ఆ బిడ్డ ఆయన ఒడిలో పెరిగెను. నీవేమి పాపము చేసితివని ఆ కథలో సుజాతను ఎవ్వరును అడుగలేదు. మనము మాత్రము అడుగుచున్నాము.

ఫినైల్‌కీటోనూరియా అను వ్యాధి యొకటి కలదు. పాలలోను, పప్పులోను ఉండు మాంసకృత్తులందు ఫినైల్ అలనిన్ అను పదార్థముండును. దానిని జీర్ణింపజేసికొను శక్తి కొందరు బిడ్డల కాలేయమునకు పుట్టుకతోనే కొరవడును. అది రక్తమున పేరుకొని మెదడును చెరచును. అమృతమని మనము చెప్పు పాలే, కొలత మీరినచో, ఆ బిడ్డకు విషమగును.

1934లో నార్వే దేశమున ఒక తల్లి తన యిద్దరు బిడ్డలకు ఏమైనదో తెలియక పలువురు వైద్యులయొద్దకు తిరిగి, తుదకు ఫోలింగ్ అను వైద్యుని చేరెను. బిడ్డలయొద్ద వింత వాసన వచ్చుచున్నదను ఆమె మాటను ఆయన త్రోసివేయలేదు. మూత్రమును పరీక్షించి వ్యాధిని కనుగొనెను. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున మరియొక తల్లి పరిశోధనశాలకు పదేపదే వచ్చి, మార్గము చూపుమని పట్టుపట్టగా, బికెల్, ఆయన సహచరులు ప్రత్యేకాహారమును సిద్ధపరచి 1953లో ఫలితమును ప్రకటించిరి. పుట్టిన కొలది దినములలో మడమనుండి తీసిన రక్తపుబొట్టుతో వ్యాధిని గుర్తించు పరీక్షను 1960 దశకమున అమెరికాలో గత్రీ వ్యాప్తిలోనికి తెచ్చెను. సకాలమున గుర్తించి పథ్యము నడపినచో ఆ బిడ్డ తక్కిన బిడ్డలవలెనే చదువుకొని పెరుగును.

ఆ పథ్యము నడపునది ఎవరు? ప్రతి ముద్దను తూచి పెట్టు తల్లిదండ్రులు. నేడు తూచిన చాలదు, రేపును తూచవలెను. పెండ్లి విందులు, పండుగలు వారికి కావలికాయు దినములు. కోవెలలో సైతము అంతియే. పెసరపప్పు కలిసిన చక్కెరపొంగలిని, శనగపిండి లడ్డును ఆ తల్లి బిడ్డ నోటికి పోకుండ ఆపినచో, ప్రక్కనున్న పెద్దమ్మ "ప్రసాదము కాదనరాదమ్మా, స్వామియే చూచుకొనును" అనును. ఆ మాట భక్తి కాదు. బిడ్డ ప్రసాదమును కన్నులకద్దుకొనిన చాలును; తీర్థము కలదు, తులసీదళము కలదు. శ్రీరామనవమి పానకము బెల్లపునీరే గనుక వైద్యుడు సరే యన్నచో త్రాగవచ్చును. వడపప్పు మాత్రము కూడదు.

నింద మాటకు వత్తము. ఈ వ్యాధి తల్లినుండియే రాదు. ఆరోగ్యముగా నుండు తల్లిదండ్రు లిద్దరియందును ఒక్కొక్క లోపము దాగియుండి, ఆ రెండును బిడ్డయందు కూడినపుడే బయటపడును. అట్టి దంపతులకు ప్రతి కానుపునందును నాల్గింట ఒక వంతు అవకాశము. మేనరికమున ఇట్టి కలయిక హెచ్చు. మనలో మేనరికములు చిరకాలముగా నున్నవి గనుక పెండ్లికి ముందును, మరుకానుపునకు ముందును వైద్యుని అడుగుట మంచిది. కాని మేనరికము కుదిర్చిన పెద్దలే పిమ్మట కోడలిని ఆడిపోసికొనుట ఏమి న్యాయము? కర్మసిద్ధాంతము తన నడవడిని దిద్దుకొనుటకు చెప్పబడినది. పొరుగింటి తల్లి కన్నీటికి కారణము వెదకుటకు కాదు.

అలసితినని చెప్పుకొనుటకు కూడ ఆ తల్లి సిగ్గుపడును; బిడ్డపై ప్రేమ లేదందురేమో యని వెరచును. తండ్రి ఖర్చుల దిగులును లోలోన అణచుకొనును. ఇరువురును సరిగా నిద్రించి ఎన్నాళ్ళయినదో అడిగిన బంధువెవడు? అష్టావక్రుని పండ్రెండవ యేట "ఇది నీ తండ్రి ఒడి కాదు" అని శ్వేతకేతువు లాగివేసెను. అట్టి మేనమామలు మనకు కొరత లేదు. ఆ పథ్యపు కొలతలు శ్రద్ధగా నేర్చుకొని, వారమునకొక సాయంకాలము బిడ్డను తనయింట నుంచుకొను మేనమామ ఒక్కడున్నచో, ఆ దంపతులు తూనికల ధ్యాస లేక కోవెలకు వచ్చి, దర్శనము చేసికొని, ధ్వజస్తంభముచెంత ఒక గడియసేపు ఊరక కూర్చుందురు.